పక్క సీటు మనిషితో పేచీ లేకుండా పనిచేయడం ఎలా?

ఒకసారి మా పైఅధికారికి ఒక సమస్య గురించి మెయిల్ పెట్టాను. అది ఎక్కడ మొదలైంది, ఎవరెవరితో మాట్లాడాను, ఎందుకు ఆగింది, ముందున్న దారులేంటి అని ముప్పావుగంట కూర్చుని వివరంగా రాశాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: "సరే. ఎప్పటికవుతుంది?" అంతే. నా మెయిల్ చదవనే లేదని, నన్ను పూచికపుల్లలా తీసేశారని రెండు రోజులు లోలోపల ఉడుక్కున్నాను.

అదే వారం, మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి తను చేసిన పని పంపి "ఎలా ఉందండీ?" అని అడిగింది. నేను "ఓకే" అని ఒక్క ముక్క కొట్టి పంపాను. నచ్చింది కాబట్టే ఓకే అన్నాను. ఆమె మాత్రం నాకు కోపమొచ్చిందనుకుని, రాత్రంతా కూర్చుని ఆ పని మళ్లీ మొదటినుంచీ చేసింది.

పైనుంచి వచ్చిన పొడి మాటకు నేను బాధపడ్డాను. అదే పొడి మాట నేను కిందికి పంపాను. రెండూ ఒకటేనని తట్టడానికి నాకు చాలాకాలం పట్టింది. తట్టాక, మనుషుల పనితీరు గమనించడం ఒక పనిగా పెట్టుకున్నాను. నాకు పనికొచ్చిన పద్ధతే ఇక్కడ వరసగా చెబుతున్నాను. దీనికి కావలసింది ఒక నోట్‌బుక్, ఒక నెల ఓపిక. పరీక్షలూ కోర్సులూ అక్కర్లేదు. వాటి సంగతి తర్వాత చూద్దాం.

1. ముందు మీ పేజీ రాయండి

నోట్‌బుక్‌లో మొదటి పేజీ మీదే. అయితే "నేను ఎలాంటి మనిషిని?" అని మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకు అందరం మంచి జవాబే రాసుకుంటాం. దానికి బదులు, పనిచోట మీకు ఒళ్లు మండే విషయాలు ఒక ఏడెనిమిది రాయండి. మీటింగ్‌లో అసలు విషయం వదిలేసి కబుర్లలో పడితే చిరాకా? పలకరింపు కూడా లేకుండా నేరుగా పని చెబితే మనసు చివుక్కుమంటుందా? ఆఖరి నిమిషంలో ప్లాన్ మారిస్తే కాళ్లూ చేతులూ ఆడవా? లెక్క సరిచూడకుండా "ఏం కాదులెండి" అంటే రక్తం మరుగుతుందా?

మన చిరాకులు మన గురించి చాలా చెబుతాయి. కబుర్లంటే పడని మనిషికి పని త్వరగా తేలాలి. పలకరింపు లేకపోతే బాధపడే మనిషికి పనికంటే ముందు మనిషి కావాలి. ఈ జాబితా చూస్తే, మీరు ఏ దారిన నడిచే మనిషో మీకే తెలిసిపోతుంది.

తర్వాత కొంచెం కష్టమైన పని. మీతో రోజూ పనిచేసే ఇద్దరిని ఎంచుకుని, "నాతో పనిచేయడంలో మీకున్న ఒక్క ఇబ్బంది చెప్పండి" అని అడగండి. ఒక్కటి అని గట్టిగా చెప్పండి. "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అంటే "అబ్బే, ఏం లేవండీ" అనేస్తారు. వాళ్లు చెప్పింది వినండి, "థాంక్సండీ" అనండి, రాసుకోండి. అక్కడితో ఆగండి. "అది కాదు, ఆరోజు ఏం జరిగిందంటే..." అని మొదలుపెట్టారా, ఇక మీకు జన్మలో ఎవరూ నిజం చెప్పరు. నాకొచ్చిన జవాబు ఇది: "మీరు ప్రశ్న అడిగితే పరీక్ష పెట్టినట్టుంటుంది." నేనేమో ఆసక్తిగా అడుగుతున్నాననుకునేవాణ్ని.

2. ముద్ర వేయకండి, చేసిన పని రాయండి

రెండో పేజీ నుంచి మీతో ఎక్కువగా పనిచేసేవాళ్లవి. ముగ్గురు నలుగురు చాలు. రెండు వారాలపాటు వాళ్లను ఊరికే గమనించి రాసుకోండి. సగంమంది తప్పేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం.

1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఓడ్బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ముందేసుకుని, మనుషుల మధ్య తేడాలు చెప్పే మాటలన్నీ ఏరారు. 17,953 తేలాయి. మన భాషా తక్కువేం తినలేదు. మొండి, జగమొండి, గీర, పొగరు, చాదస్తం, నస, నాన్చుడు, దూకుడు, ముభావం, మొహమాటం, వాగుడుకాయ... ఊపిరి పీల్చకుండా ఇరవై చెప్పొచ్చు. చిక్కేంటంటే, ఈ మాటల్లో సగానికి రెండు పేర్లున్నాయి. ఒకటి మనకి, ఒకటి ఎదుటివాళ్లకి. నేను రెండుసార్లు సరిచూస్తే జాగ్రత్త, ఆయన సరిచూస్తే చాదస్తం. నేను వెంటనే తేల్చేస్తే చురుకు, ఆయన తేల్చేస్తే దూకుడు. నేను మాట మీద నిలబడ్డాను, ఆయన మొండికేశాడు.

పైగా ఒకసారి ముద్ర వేశాక తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు. పొగరు అనుకున్న మనిషి ఏం చేసినా పొగరుగానే కనిపిస్తుంది. నవ్వితే వెటకారం, నవ్వకపోతే అహంకారం.

అందుకని నోట్‌బుక్‌లో ఒకటే నియమం పెట్టుకోండి. వీడియో తీస్తే అందులో కనిపించేది, వినిపించేది మాత్రమే రాయాలి. "గీర ఎక్కువ" అనేది వీడియోలో కనపడదు. "పొద్దున్న ఎదురైతే నేను పలకరించాను, ఫోన్ చూస్తూ తల ఊపి వెళ్లిపోయారు" అనేది కనపడుతుంది. "నాన్చుతాడు" అని కాదు, "సోమవారం అడిగాను, బుధవారం రెండు ప్రశ్నలు పంపారు, శుక్రవారం పూర్తి జవాబు ఇచ్చారు" అని రాయాలి. రాస్తుంటేనే తేడా తెలుస్తుంది. ఈ రెండో వాక్యంలో ఉన్న మనిషి నాన్చట్లేదు, నాకు కనపడని పని ఏదో చేస్తున్నారు.

వాక్యం ఎలా ఉండాలో కూడా చెబుతాను: "ఫలానా అయినప్పుడు ఫలానా చేస్తారు." ఈ వరస నాకు వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ పరిశోధకుడి ఆలోచనల్లోంచి దొరికింది. పిల్లల ముందు మిఠాయి పెట్టి "ఆగితే రెండిస్తాం" అన్న ప్రయోగం ఆయనదే, అందుకే పేరు ఎక్కడో విన్నట్టుంటుంది. స్వభావం అనేది మనిషిలో అన్నివేళలా ఒకేలా ఉండే ముద్ద కాదని 1968 నుంచీ ఆయన వాదిస్తూ వచ్చారు. ఒకే మనిషి ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా ఉంటాడు. ఆ మారడంలోనే ఒక వరస ఉంటుందన్నారు. పనిచోట మనకు కావలసింది సరిగ్గా ఆ వరసే. "కోపిష్టి" అని తెలుసుకుంటే ఏం చేసుకుంటాం? "నలుగురిలో తప్పు చూపిస్తే గొంతు పెంచుతారు, విడిగా చెబితే వింటారు" అని తెలిస్తే రేపు ఉదయమే పనికొస్తుంది.

3. మనిషి మీద తీర్పుకి ముందు పరిస్థితి చూడండి

జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం 1973లో అచ్చయింది. అమెరికాలో ప్రిన్‌స్టన్‌లో మతబోధ చదువుకుంటున్న విద్యార్థుల్ని తీసుకున్నారు. పక్క భవనంలో చిన్న ప్రసంగం ఇవ్వాలని పంపించారు. దారిలో ఒకతను దగ్గుతూ మూలుగుతూ ఒక గుమ్మంలో వాలిపోయి ఉంటాడు, అది ఏర్పాటే. తీరిగ్గా బయల్దేరినవాళ్లలో నూటికి 63 మంది ఆగి సాయం చేశారు. "ఇప్పటికే ఆలస్యమైంది, పరుగెత్తండి" అని తొందరపెట్టి పంపినవాళ్లలో నూటికి 10 మందే ఆగారు. వాళ్లలో కొందరు ఇవ్వబోయే ప్రసంగం ఏమిటో తెలుసా? దారిన పడిఉన్న మనిషిని ఆదుకున్న బైబిల్ కథ మీద. అది కూడా పెద్ద తేడా తేలేదు.

ఈ ప్రయోగం చదివాక, కారిడార్‌లో నన్ను పలకరించకుండా వెళ్లినవాళ్ల మీద నాకు కోపం చాలా తగ్గింది.

ఎదుటివాళ్ల ప్రవర్తనకు వాళ్ల గుణమే కారణమనుకుని, పరిస్థితిని మరిచిపోవడం మనందరికీ ఉన్న అలవాటు. 1977లో లీ రాస్ దానికి ఒక పేరు కూడా పెట్టారు, తెలుగులో మౌలికమైన ఆపాదన దోషం అనొచ్చు. పేరు గుర్తుండనక్కర్లేదు. నోట్‌బుక్‌లో ఒక వరస తీర్మానించే ముందు మూడు విషయాలు కనుక్కోండి. ఈ వారం ఆ మనిషి మీద ఏ పని పడింది? నేను అడిగిన విషయం గురించి వాళ్లకు నిజంగా ఎంత తెలుసు? ఇది తప్పయితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది?

మూడో ప్రశ్న ఎక్కువ గుట్టు విప్పుతుంది. ప్రతి కాగితం మూడుసార్లు చూసే మనిషి స్వభావరీత్యా అనుమానపు మనిషి కాకపోవచ్చు. కింద సంతకం ఆయనది, అంతే. ఆ సంతకం మీదైతే మీరూ అంతే చూస్తారు.

ఒకే రకం ప్రవర్తన వేర్వేరు సందర్భాల్లో, మామూలు రోజుల్లో, కనీసం మూడుసార్లు కనపడితేనే అది అలవాటు అని రాసుకోండి. ఒక్కసారి చూసింది పెన్సిల్‌తో రాయండి.

4. రెండే ప్రశ్నలతో ఒక అంచనాకి రండి

రెండు వారాల తర్వాత పేజీలు తిరగేసి ప్రతి మనిషి గురించీ రెండు ప్రశ్నలు వేసుకోండి. వేగంగా కదులుతారా, నెమ్మదిగానా? ముందుగా చూపు పని మీదకి పోతుందా, మనిషి మీదకా? ఈ రెండింటిని కలిపితే స్థూలంగా నాలుగు తీరులు వస్తాయి.

మనుషుల్ని నాలుగుగా పంచడం పాత ముచ్చటే. గ్రీకు వైద్యులు శరీరంలోని నాలుగు ద్రవాలతో ముడిపెట్టారు. ఇప్పుడు ఆఫీసు శిక్షణల్లో ఎక్కువగా వినిపించే డిస్క్ అనే పద్ధతికి మూలం 1928లో విలియం మార్‌స్టన్ అనే అమెరికన్ రాసిన పుస్తకం. తమాషా ఏంటంటే ఆయన పరీక్షేమీ తయారుచేయలేదు, ఆ ప్రశ్నపత్రాలన్నీ తర్వాతవాళ్లు కట్టినవి. ఆయన మాత్రం అబద్ధాలు పట్టడానికి రక్తపోటు కొలిచే పద్ధతి మీద పనిచేసి, ఆ తర్వాత 1941లో వండర్ ఉమన్ అనే కామిక్ పాత్రను సృష్టించారు. ఏ గడిలో పెడతారు ఇలాంటి మనిషిని?

అందుకే ఈ నాలుగింటిని గదులు అనుకోకండి, వీధులు అనుకోండి. మనుషులు తిరుగుతుంటారు. నేను మన మాటల్లోనే పేర్లు పెట్టుకున్నాను.

తేల్చే మనిషి: వేగం, పని. "చివరికి ఏమంటారు?" అనేది వీళ్ల పాట. చిన్న జవాబులు, చిన్న మెయిళ్లు. మాటలో తడి తక్కువ, అంతమాత్రాన మనసులో లేదని కాదు. మా పైఅధికారి ఈ తీరే. ఆయన "ఎప్పటికవుతుంది?" అన్నారంటే, మిగతాదంతా ఒప్పుకున్నట్టే. అది నాకు రెండేళ్ల తర్వాత అర్థమైంది.

కలుపుగోలు మనిషి: వేగం, మనుషులు. ఆలోచన నోట్లోనే పుడుతుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ అభిప్రాయం మార్చుకుంటారు. ఫోన్‌లో అన్నదంతా నిర్ణయం అనుకుని పని మొదలుపెడితే మునిగిపోతారు. వాళ్లు కేవలం పైకి మాట్లాడుతూ ఆలోచించారు, అంతే.

లెక్క చూసే మనిషి: నెమ్మది, పని. వీళ్ల ప్రశ్నలు మీ మీద అనుమానంతో కాదు. అంకె ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే వాళ్లకు నిద్ర పట్టదు. నేను ఈ కోవకే వస్తాను కాబట్టి కొంచెం వెనకేసుకొస్తున్నాను, మన్నించాలి.

నెమ్మది మనిషి: నెమ్మది, మనుషులు. వీళ్ల గురించి ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఎక్కువగా నష్టపోయేది వీళ్లే, వీళ్లవల్ల మనకు తెలియకుండా జరిగే నష్టమూ పెద్దదే. గొడవ ఇష్టం ఉండదు. ఉన్నట్టుండి మార్పు వస్తే ఇబ్బంది పడతారు, కానీ బయటికి అనరు. అడిగితే "సరేనండి" అంటారు. ఆ "సరే"కి నాలుగర్థాలుంటాయి: విన్నాను, ఆలోచిస్తాను, మీరు చెప్పారు కాబట్టి, నాకు ఇష్టం లేదు. మనకేమో మౌనం అర్ధాంగీకారం అని ఒక సామెత ఉంది. పెళ్లి చూపుల సంగతేమోగానీ, మీటింగుల్లో ఇంతకంటే ప్రమాదకరమైన సామెత లేదు. ఎనిమిదిమంది కూర్చున్న మీటింగ్‌లో ముగ్గురు గట్టిగా మాట్లాడతారు, ఒకరు రాసుకుంటారు, మిగతావాళ్ల మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కేస్తారు. పని సగంలో ఆగినప్పుడు "నాకప్పుడే అనిపించింది" అని ఒక గొంతు వినిపిస్తుంది. అప్పుడే ఎందుకు చెప్పలేదని వాళ్లమీద విసుక్కుంటాం. చెప్పడానికి మనం చోటిచ్చామా?

వీళ్ల దగ్గర "అభ్యంతరం ఏమైనా ఉందా?" అని అడగొద్దు, లేదనే అంటారు. "దీంట్లో ముందుగా ఎక్కడ తేడా కొడుతుందంటారు?" అని అడగండి, అదీ ముందురోజే. వెంటనే జవాబు ఆశించకండి. మర్నాడు పొద్దున్న మీ సీటు దగ్గరికొచ్చి "నిన్న మీరడిగారు కదా..." అంటారు. ఆ మాట కోసం మీరు అక్కడ ఉండాలి.

5. మీవైపు ఒక్కటే మార్చండి

ఎదుటివాళ్లను మార్చే ప్రయత్నం వద్దు, కుదిరే పని కాదు. మీరు ఒక్కో మనిషి దగ్గర ఒక్కో అలవాటు మార్చుకోండి, ఒక్కటే. అన్నీ ఒకేసారి మార్చుకుంటే నాటకంలా ఉంటుంది, రెండో రోజుకే పట్టుబడతారు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. శుక్రవారం ఇవ్వాల్సిన రిపోర్టు సోమవారానికి జరుగుతోంది. ఒక విభాగం అంకెలు ఇంకా రాలేదు. విషయం ఇంతే.

తేల్చే మనిషికి ఇలా: "సార్, రిపోర్టు సోమవారం ఉదయం పదింటికి ఇస్తాను. ఒక విభాగం అంకెలు రాలేదు. అవి లేకుండా సరిపోతుందంటే శుక్రవారమే ఇవ్వగలను. ఏది చేయమంటారు?" ముందు తేదీ, తర్వాత ఒక్క కారణం, చివర ఆయన ఎంచుకోవడానికి రెండు దారులు. కథ వద్దు. కావాలంటే ఆయనే అడుగుతారు.

లెక్క చూసే మనిషికి: "మొత్తం 12 విభాగాల్లో 11 అంకెలు వచ్చాయి, సరిచూశాను. 12వది గురువారం సాయంత్రానికి ఇస్తామన్నారు. అది వచ్చాక మొత్తాలు మళ్లీ కట్టాలి, దానికి ఒక రోజు. అందుకే సోమవారం. ఇప్పటిదాకా అయిన షీట్ జతచేశాను." ఇక్కడ "ఒకట్రెండు అంకెలు రావాలి" అని రాశారనుకోండి, ఒకటా రెండా అని మళ్లీ మెయిల్ వస్తుంది.

నెమ్మది మనిషికి వీలైతే ఎదురుగా, వీలైనంత ముందుగా: "రిపోర్టు సోమవారానికి జరిగిందండీ. దాని తర్వాత పని మీదే కదా, మీకు అడ్డం పడుతుందేమోనని ముందే చెబుతున్నాను. రేపటిదాకా ఆలోచించి చెప్పండి, ఇబ్బంది అయితే మొహమాటపడొద్దు."

కలుపుగోలు మనిషికి ఫోన్ చేయండి. రెండు నిమిషాలు అవీ ఇవీ మాట్లాడి విషయం చెప్పండి. ఫోన్ పెట్టేశాక "మనం అనుకున్నట్టు సోమవారం ఉదయం పదికి" అని ఒక్క లైను మెసేజ్ పెట్టండి. ఆ లైను మరిచిపోతే శుక్రవారం మీకు ఫోన్ వస్తుంది.

నాలుగింటిలోనూ నిజం ఒక్కటే. ఎవరికీ ఏదీ దాచలేదు, ఎక్కువ చేసి చెప్పలేదు. ఏది ముందు చెప్పాలి, ఎలా చేరవేయాలి అన్నవి మాత్రమే మారాయి. దీన్ని కాకా పట్టడం అనేవాళ్లుంటారు. మనిషిని బట్టి నిజం మారిస్తే కాకా. చెప్పే వరస మారిస్తే, వాళ్ల టైముకి విలువ ఇచ్చినట్టు.

6. ఊహించే బదులు అడిగేయండి

ఇంత గమనింపూ చేశాక కూడా మీ అంచనా తప్పయ్యే అవకాశం ఉంది. నేరుగా అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు. వింతేమిటంటే, ఏళ్ల తరబడి పక్కపక్కన పనిచేసినవాళ్లు కూడా ఒకరినొకరు ఇవి అడగరు. నేను కొత్తగా ఎవరితో పని మొదలుపెట్టినా మూడు ప్రశ్నలు అడుగుతాను:

"మీకు మెసేజ్ పెడితే వీలా, ఫోన్ చేస్తే వీలా?"

"పని సగంలో ఉండగా చూపించమంటారా, పూర్తయ్యాకనా?"

"తప్పేదైనా కనిపిస్తే అక్కడికక్కడే చెప్పమంటారా, విడిగా చెప్పమంటారా?"

మూడోది బంగారం. ఎదుటివాళ్లు జవాబు చెప్పాక మీ జవాబు కూడా చెప్పండి. కొత్తగా చేరిన ఆ అమ్మాయితో నేను మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది ఈ ప్రశ్నలతోనే. "నేను ఓకే అన్నానంటే బాగుందని అర్థం, బాగోకపోతే ఎక్కడ బాగోలేదో రాస్తాను" అని కూడా చెప్పాను. "ముందే చెప్పొచ్చు కదండీ" అంది. నిజమే.

7. టెన్షన్ పెరిగిన రోజు వేరు

గడువు దగ్గరపడినప్పుడు ప్రతివాళ్లూ తమ తీరులోనే ఇంకాస్త ముదురుతారు. తేల్చే మనిషి ఆజ్ఞలు జారీ చేస్తారు. లెక్క చూసే మనిషి ఇంకో పట్టిక అడుగుతారు. కలుపుగోలు మనిషి ఒక్కసారిగా మాట తూలతారు, గంటకల్లా మరిచిపోతారు, పడ్డవాళ్లు మరవరు. నెమ్మది మనిషి పూర్తిగా మూగబోతారు. ఆ రోజు ఎవరినీ అంచనా వేయకండి, మిమ్మల్ని మీరు కూడా. నోట్‌బుక్ మూసి, ముందు పని గట్టెక్కించండి. చేయగలిగింది ఒక్కటుంది: మీ చిరాకు జాబితాలో మొదటిది ఏదో గుర్తుచేసుకుని, అది ఎదురైనప్పుడు జవాబు ఇవ్వడానికి పది నిమిషాలు ఆగండి. మెయిల్ రాయండి కానీ పంపకండి.

8. పరీక్షలు రాయమంటే?

ఏదో ఒకరోజు మీ సంస్థలో వ్యక్తిత్వ పరీక్ష రాయమంటారు. రాయండి, సరదాగానే ఉంటుంది. ఫలితాన్ని మాత్రం నుదుటిరాత అనుకోకండి. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, "ఇదీ మీ వ్యక్తిత్వం" అని ఒక్కొక్కరికీ ఒక వివరణ ఇచ్చారు. ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చిన కాగితం ఒక్కటే, అందులోని వాక్యాలు ఒక జ్యోతిష్యం పుస్తకంలోంచి ఏరినవి. "మీరు పైకి నిబ్బరంగా కనిపించినా లోపల ఆందోళన పడతారు" అంటే కాదనేవాళ్లెవరు?

మనుషుల్ని 16 రకాలుగా విడదీసే ప్రసిద్ధ పరీక్ష ఒకటుంది. కార్ల్ యూంగ్ 1921లో రాసిన ఆలోచనల ఆధారంగా కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ తయారుచేశారు. దాంట్లో చిక్కు, గీత గీసి అటో ఇటో అనడం. చాలామంది మధ్యలోనే ఉంటారు. గీతకి ఒక్క అడుగు అటూ ఇటూ ఉన్నవాళ్లు కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే అవతలి పక్కన తేలతారు. పరిశోధకులు ఎక్కువగా నమ్మేది ఐదు లక్షణాల కొలతను: కొత్తదనం పట్ల ఆసక్తి, పనిలో శ్రద్ధ, బహిర్ముఖత, సర్దుకుపోవడం, ఆందోళన. అందులో రకాలుండవు, ఎక్కువ తక్కువలే ఉంటాయి. ఉద్యోగంలో రాణించడానికీ ఈ ఐదింటికీ ఉన్న సంబంధం వెతికినప్పుడు, దాదాపు అన్నిరకాల ఉద్యోగాల్లోనూ నిలకడగా తేలింది శ్రద్ధ ఒక్కటే.

పరీక్ష ఫలితం మాట్లాడుకోవడానికి ఒక సాకుగా బాగా పనికొస్తుంది. "ఇందులో నాకు తొందర ఎక్కువని వచ్చింది, నిజమేనంటారా?" అని పక్కవాళ్లను అడగండి. కానీ "నేను ఫలానా టైపు, నేనింతే" అనే మాట మీ నోట రాకూడదు, ఎదుటివాళ్ల గురించి అసలే రాకూడదు. ఉద్యోగంలోకి తీసుకోవడానికో, పని పంచడానికో ఆ రకాలను వాడితే అడ్డుచెప్పండి.

9. అన్నీ తీరు ఖాతాలో వేయకండి

పుర్రెకో బుద్ధి అని సరిపెట్టుకోకూడనివి కొన్నున్నాయి. నలుగురిలో హేళన చేయడం, మీరు చేసిన పనికి తన పేరు పెట్టుకోవడం, అరవడం, బెదిరించడం, అడిగిన సమాచారం కావాలని దాచడం. "ఆయన అంతేలే, మాట కటువు కానీ మనసు వెన్న" అని పక్కవాళ్లు సర్దిచెబుతారు. పొడిగా మాట్లాడటం తీరు, కించపరచడం తీరు కాదు. అలాంటప్పుడు మీ మెయిల్ వరస మార్చుకోవడం కాదు చేయాల్సింది. తేదీ, సమయం, అన్న మాటలు రాసిపెట్టుకుని, అడగాల్సినచోట అడగడమే. వీడియోలో కనిపించేదే రాయడం అలవాటైన నోట్‌బుక్ అక్కడ కూడా అక్కరకొస్తుంది.

10. నెల తర్వాత కొట్టివేతలు

నెల గడిచాక పేజీలు మళ్లీ తీయండి. తప్పని తేలిన వాక్యాలు కొట్టేయండి. ఒక్కటి కూడా కొట్టేయాల్సింది దొరకకపోతే, మీరు గమనించట్లేదు, మొదటి రోజు అనుకున్నదానికే సాక్ష్యాలు పోగేస్తున్నారు. (ఈ నోట్‌బుక్ ఇంట్లో ఉంచండి. ఆఫీసు టేబుల్ మీద మరిచిపోతే ఇప్పటిదాకా చెప్పినదంతా దండగ.)

నా దాంట్లో కొత్త అమ్మాయి పేజీలో "మన లెక్కలో తప్పున్నా ఎదురు చెప్పదు" అని పెన్నుతోనే రాసుకున్నాను. మూడో నెలలో ఒకరోజు మీటింగ్ అయ్యాక నన్ను పక్కకి పిలిచింది. నేను అందరికీ చూపించిన పట్టికలో రెండు వరసలు తారుమారయ్యాయట. "అక్కడే చెబుదామనుకున్నాను. మీరు విడిగా చెప్పమన్నారు కదండీ" అంది. ఇంటికెళ్లి ఆ వాక్యం కొట్టేశాను.